గాజుకీ బొమ్మకీ మధ్య

తక్కువ ఖర్చులో గోడలు అలంకరించుకోవడం గురించి పండగ సంచికకి రాయమని సంపాదకులు అడగగానే నాకు రాజమండ్రిలో పటాలు కట్టే కొట్టు గుర్తొచ్చింది. అమ్మ వాళ్లింట్లో గుమ్మం మీదుండే లక్ష్మీదేవి పటానికి వెనక అట్ట చెదపట్టి ఏడాదైంది. దాన్ని పాత చీరలో చుట్టి, చెల్లెలు కొత్తగా కొన్న ఫ్లాట్‌లో హాలు గోడ కొలతలు కాగితం మీద రాసుకుని బయల్దేరాను.

కొట్టంటే ఒక గదే. బీడింగు రకాలు గోడ పొడుగునా వేలాడుతున్నాయి. కుర్రాడు అవన్నీ చూపించబోయాడు గానీ, నేను లోపలి బల్ల దగ్గరే ఆగిపోయాను. అక్కడ మేస్త్రి గాజు కోస్తున్నాడు. అరవై దాటిన మనిషి. కొయ్య స్కేలు ఆనించి, కోత కలాన్ని ఈ చివర నుంచి ఆ చివరకి ఒకే ఊపున లాగాడు. కిర్రుమని సన్నటి చప్పుడు. ఆ గీత మీద రెండోసారి కలం పెట్టకూడదట, పెడితే గాజు తిన్నగా విరగదట. గీతని బల్ల అంచుకి జరిపి కింద నుంచి మెల్లగా రెండు దెబ్బలు తట్టి నొక్కాడు. మూడడుగుల గాజు ఎక్కడా పెచ్చు లేవకుండా రెండైంది. ఆయన ఎడమచేతి బొటనవేలి మీద పాత గాట్లు తెల్లటి గీతల్లా ఉన్నాయి.

తరవాత మా లక్ష్మీదేవిని బల్ల మీద బోర్లా పడుకోబెట్టాడు. తుప్పు పట్టిన చీలల్ని ఒక్కొక్కటే పట్టకారుతో తీసి డబ్బా మూతలో వేశాడు. అట్ట పొడిపొడిగా రాలింది. బొమ్మ అంచుని వేలితో తడిమి ఆగిపోయాడు.

"చూడండమ్మా, ఈ మూల అద్దానికి అంటుకుపోయింది. పీకితే రంగు అద్దంతో వచ్చేత్తాది. ఈ అద్దం మార్చనండి. కడిగే పనీ లేదు, గుడ్డతో తుడిచి వెనకంతా కొత్తది వేత్తాను."

కొత్త అద్దం వేస్తే కూలీ ఎక్కువొస్తుంది. ఆయన వద్దన్నాడు.

అప్పుడు చెప్పాడు మౌంటు సంగతి. బొమ్మ చుట్టూ వేసే ఆ మందపాటి అట్ట అందం కోసమే అనుకునేదాన్ని. గాజుకీ బొమ్మకీ మధ్య కాస్త గాలి ఆడే జాగా ఇవ్వడం దాని అసలు పని. గోదావరి గాలిలో, వానాకాలం తేమలో, గాజుని తాకుతూ ఉన్న కాగితం ఎప్పుడో ఒకప్పుడు అంటుకుంటుంది, లేదా బూజు పడుతుంది. మౌంటుకి నాసిరకం అట్ట వాడితే దానిలోని ఆమ్లం బొమ్మలోకి ఎక్కి అంచులు పసుపుబారతాయి. పటం వెనక కింది మూలల్లో రెండు చిన్న రబ్బరు బిళ్లలు అంటిస్తాడు, గోడ చెమ్మ పటానికి ఎక్కకుండా. ఎండ నేరుగా పడే గోడకి రంగుల అచ్చు పెట్టొద్దంటాడు. పెద్ద బొమ్మైతే దాని మధ్యభాగం మనిషి కంటి ఎత్తులో, నేల నుంచి సుమారు అయిదడుగుల్లో ఉండాలంటాడు. పాత ఇళ్లలో గుమ్మం మీద పటాల్ని ముందుకి వంచి కట్టేది కూడా అందుకే: కింద నుంచున్నవాడికి అమ్మవారి మొహం కనపడాలి.

మా పటం కింది అంచున రవివర్మ ప్రెస్ అన్న అచ్చు ఇంకా చదవడానికి వీలుగానే ఉంది. 1894లో బొంబాయిలో రవివర్మ ఆ ప్రెస్ పెట్టించాడు. తరవాత అది లోనావాలా దగ్గరి మళవలికి మారింది, కొన్నేళ్లకే ఒక జర్మన్ నిపుణుడి చేతికి పోయింది. ఒక్కో రంగుకి ఒక్కో రాయి మీద బొమ్మ గీసి, ఒకదాని మీద ఒకటి అద్దుతూ వేసిన అచ్చులవి. రాజుల కొలువుల్లో నూనెరంగుల్లో ఉండే దేవతలు ఆ కాగితాల మీదే మా తాతమ్మ వంటింటి దాకా వచ్చారు. మా ఇంట్లో కొన్న మొదటి బొమ్మ అదే.

మేస్త్రి అట్ట కోస్తుండగా యువ దంపతులు వచ్చారు. నాలుగడుగుల ప్రింటు, చుట్టచుట్టి తెచ్చారు. విప్పితే జలపాతం, ఏ దేశానిదో. దగ్గరగా చూస్తే ఆకులన్నీ చదరపు ముక్కలు. అద్దం వద్దు, మౌంటు వద్దు, అన్నిటికన్నా చవక బీడింగు వెయ్యమన్నారు. వాళ్లు వెళ్లాక మేస్త్రి గొంతు తగ్గించి అన్నాడు: "ఫోన్లోకి వచ్చిన బొమ్మనే సాగదీసి కొట్టించేత్తారండి. రేపు గోడకి పెట్టాక మొహాలు పగిలిపోయాయని మళ్లీ నన్నే అంటారు. నేను కట్టేది పటం అండి, బొమ్మ నాది కాదు కదా."

ఆ మాట నాతోనే వచ్చేసింది. చవకగా కొన్నందుకు ఆ పిల్లల్ని తప్పుపట్టలేను. కొత్త ఇంటి అప్పు మోసేవాళ్లకి చవకే కావాలి, మంచిదీ కావాలి. మూడడుగుల పొడవు బొమ్మకి అంగుళానికి నూటయాభై చుక్కల లెక్కన 5,400 చుక్కలుంటే దూరం నుంచి చూసేందుకు చక్కగా ఉంటుంది. ఆ మాట ప్రింటు కొట్టే చోట ఒకరు చెబితే చాలు. నా కోపం వేరే చోట ఉంది. ఆ జలపాతం బదులు వాళ్లకి మనం ఇవ్వగలిగింది ఏముంది?

ఇదే ఊళ్లో చిత్రకారుడు దామెర్ల రామారావు పుట్టాడు. బొంబాయి జె.జె. స్కూల్లో చదివి, తిరిగొచ్చి, ఇక్కడే చిత్రకళాశాల పెట్టి, 1925లో మశూచి సోకి ఇరవయ్యేడేళ్లకే పోయాడు. ఆయన పేరనే ఆర్టు గ్యాలరీ ఉంది ఊళ్లో. మన దేశంలో చిత్రకారుడు పోయిన అరవై ఏళ్లకి హక్కులు ముగుస్తాయి కాబట్టి ఆయన బొమ్మలు అచ్చేసుకోవడానికి చట్టం అడ్డుపడదు. మంచి కెమెరాతో తీసి, రెండడుగులకి మూడడుగుల కాగితం మీద, అసలు రంగులకి దగ్గరగా అచ్చేసి, సినిమా టిక్కెట్టు ధరకి కాస్త అటూ ఇటూగా అమ్మవచ్చు. నూట ముప్పై ఏళ్ల కిందట రాళ్ల మీద చేతనైన పని ఇవాళ మనకి చేతకాదా? కళ సామాన్యుడికి అందాలని సభల్లో చెప్పుకుంటాం. అందడమంటే బజార్లో దొరకడం.

మేస్త్రిని అడిగాను, దామెర్ల బొమ్మకి ఎప్పుడైనా పటం కట్టారా అని.

"లేదండి. వడ్డాది పాపయ్య గారివి చాలా కట్టాను. చందమామ, యువ అట్టలు చింపుకుని తెచ్చేవోరు. దామెర్ల గారివి బళ్లో ఉండగా గ్యాలరీకి తీసుకెళ్తే చూశాను. ఆ బొమ్మలు కొనుక్కోడానికి దొరుకుతాయా అండి?"

ఈ ఊళ్లో వెతికాను, నాకు దొరకలేదని చెప్పాను. ఆయన ఏమీ అనకుండా కొత్త అట్ట వేసి, చీలలు కొట్టి, వెనక గోధుమరంగు కాగితం అంటించి, అరచేత్తో నాలుగుసార్లు నిమిరాడు. తరవాత నా చేతిలోని గోడ కొలతల కాగితం తీసుకుని చదివాడు. అటక మీంచి దుమ్ముపట్టిన టేకు బీడింగు దింపాడు. ప్లాస్టిక్‌ది రాకముందు కొన్నదట.

"మూడడుగుల బొమ్మకి సరిపోద్దండి. దొరికినప్పుడు తెండి, ఇది అమ్మను," అంటూ చివర సుద్దతో మా చెల్లెలి ఇంటి కొలత రాసి, మళ్లీ అటకెక్కించాడు.