చవితి పత్రి, కార్తీకపు ఎరువు

చవితి సందడి సద్దుమణిగింది. వీధి పందిళ్ళు విప్పేస్తున్నారు. ఇళ్ళల్లో మాత్రం పూజగది పక్కన పత్రి సంచి ఇంకా అలాగే ఉంది. కొందరు దాన్ని చెత్తబండిలో వేస్తారు, మనసొప్పనివాళ్ళు చెరువు దాకా మోసుకెళ్తారు. మా అపార్టుమెంటులో మిద్దె మీద కుండీలు పెంచేవాళ్ళమంతా ఈసారి ఒక మాట అనుకున్నాం. పత్రి, పూలు, గుమ్మానికి కట్టిన అరటి పిలకలు ఏవీ కిందికి దిగకూడదు, పైకే ఎక్కాలి. పైన వానపాముల తొట్టెలున్నాయి మరి. ఇప్పుడు వేసిన పత్రి కార్తీకమాసానికి ఎరువై చేతికొస్తుంది. చలికాలపు కూరలు ఆకలిగా ఉండేది సరిగ్గా అప్పుడే.

అయితే సంచి సంచిగా గుమ్మరించే పని కాదు. మూడో అంతస్తు పిన్నిగారు చాప పరిచి పత్రినంతా ఆకు ఆకుగా ఏరించారు. ఉమ్మెత్త, జిల్లేడు, గన్నేరు పక్కకు తీసేశాం. అవి విషగుణమున్న ఆకులు. కొత్తిమీర, తోటకూర పండే కుండీలకు వెళ్ళే ఎరువులో వాటిని కలపడం నాకిష్టం లేదు. రావి, మామిడి ఆకులు బిరుసు కాబట్టి చింపి వేశాం. గరికతో ఇంకో పేచీ ఉంది. పచ్చి గణుపు ఒక్కటి మిగిలినా కుండీలో వేరు తొడిగి కూర్చుంటుంది. అందుకని ముందు ఎండలో కరకరలాడేదాకా ఎండబెట్టాలి. దండల్లోని దారం, తళుకు కాగితం లాగేయాలి. పసుపు కుంకుమలు అంటిన పూలను ఒకసారి నీళ్ళలో జాడిస్తే చాలు. నూనె వత్తులు, కర్పూరం మసి దగ్గరికి రానివ్వకూడదు.

అరటి పిలకల్ని మాత్రం వదలకండి. బోదెను చక్రాలుగా కోసి వేస్తే ఆ తడికి, ఆ మెత్తదనానికి వానపాములు గుంపులుగా చేరతాయి. తొట్టె మూత తీసి చూస్తే ముక్క అడుగున ఎర్రగా అల్లుకుని కనిపిస్తాయి.

పచ్చి పత్రి, పచ్చి పేడ నేరుగా వేస్తే కుప్ప వేడెక్కుతుంది, వానపాములు చస్తాయి. ఒక పక్కన పేడ, ఎండుటాకులు కలిపి రెండు వారాలు మాగనిచ్చి, చెయ్యి పెడితే చల్లగా తగిలాకే తొట్టెలోకి మార్చాలి. వానపాములు పదిహేను నుంచి ముప్ఫై డిగ్రీల మధ్య హాయిగా ఉంటాయి. ముప్ఫై అయిదు దాటితే కష్టం. మన వైపు మే నెలలో మిద్దె మీద నీడ, తడి గోనెసంచి లేకుండా తొట్టె పెట్టడం వాటిని వేయించడమే.

ఇప్పుడు వేడి బాధ లేదు గానీ వానల బాధ ఉంది. ఉత్తర కార్తెలో ఒక్క రాత్రి కుండపోత పడితే తెల్లారేసరికి గచ్చు మీద వానపాములు పాకుతూ కనిపిస్తాయి. తొట్టెలో నీళ్ళు నిలిస్తే గాలి అందదు. అవి ఊపిరి పీల్చేది చర్మంతోనే, అందుకే పైకి వచ్చేస్తాయి. ఎండ రాకముందే ఏరి లోపల వేయండి, ఎండితే బతకవు. అడుగు రంధ్రాలు పూడుకుపోయాయేమో చూసుకుని, చింపిన అట్టముక్కలు, ఎండుటాకులు గుప్పెళ్ళతో కలిపితే తేమ తగ్గుతుంది. పిడికిట పట్టి పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, ధార కట్టకూడదు. ఈ రోజుల్లో తొట్టెల్లో రోకలిబండలు కూడా కనబడతాయి. అవి కుళ్ళిన ఆకు తినేవే, ఉండనివ్వండి. జెర్రి కనిపిస్తే మాత్రం తీసేయాలి, అది వానపాముల్ని తింటుంది. చీమలు ఎక్కకుండా తొట్టె కాళ్ళ కింద నీళ్ళ పళ్ళేలు పెట్టండి.

మొన్న ఒకాయన తన తొట్టెను బాల్కనీలో వాషింగ్ మెషీన్ పక్కన పెట్టుకున్నానని చెప్పారు. వెంటనే మార్చమన్నాను. వానపాములకు చెవుల్లేవు, కానీ అదురు బాగా తెలుస్తుంది. దీన్ని చార్లెస్ డార్విన్ ఇంట్లోనే పరీక్షించి చూశాడు. కుండీల్లో వానపాముల్ని పెంచుకుని వాటి ముందు కొడుకు చేత బసూన్ అనే ఊదే వాయిద్యం వాయించాడు, ఇంట్లో పియానో వాయించారు. కదల్లేదు. ఆ కుండీలనే పియానో మీద పెట్టి ఒక్క మెట్టు నొక్కేసరికి గబుక్కున మట్టిలోకి దూరిపోయాయి. 1881లో, చనిపోవడానికి ముందు ఏడాది, ఆయన వేసిన పుస్తకం ఈ వానపాముల మీదే. అంతటి పెద్దాయన చివరి రోజుల్లో కుండీలో మట్టి పక్కన కూర్చుని ఇంత ఓపికగా చూశాడంటే నాకు ఎంతో ఆప్యాయంగా అనిపిస్తుంది.

ఇక కుండీ సంగతికొస్తాను. నేలలో పెరిగే మొక్కకు వేరు చాచుకునే చోటుంది. రాలిన ఆకు అక్కడే మాగుతుంది, వానపాములు వాటంతటవే వస్తాయి. కుండీలో ఇవేవీ లేవు. మనం రోజూ పోసే నీళ్ళు అడుగు రంధ్రం గుండా పోతూ పోతూ నత్రజనిని కడిగేస్తాయి. అందుకే జూన్‌లో పచ్చగా లేచిన బెండ, దొండ ఈ పాటికి అడుగు ఆకులు పసుపు తిరుగుతుంటాయి. ఒక్కసారే గుప్పెడు యూరియా చల్లితే వేర్లు మాడతాయి, మిగిలింది మళ్ళీ నీళ్ళలోనే పోతుంది. వానపాము మింగిన ఆకు దాని పొట్టలో నలిగి, సూక్ష్మజీవులతో కలిసి, జిగురు పూత పూసుకుని బయటికి వస్తుంది. ఆ పూత వల్ల రవ్వ రవ్వగా నిలుస్తుంది. తడిని పట్టి ఉంచుతుంది, పోషకాన్ని కొంచెం కొంచెంగా వదులుతుంది. కుండీకి కావలసింది ఆ నెమ్మదే.

అలాగని కుండీని దాంతో నింపేయకండి. అమెరికాలో ఓహైయో స్టేట్ యూనివర్సిటీలో క్లైవ్ ఎడ్వర్డ్స్ బృందం కుండీ మొక్కల మీద చేసిన పరీక్షల్లో, మిశ్రమంలో పదీ ఇరవై శాతం వర్మీకంపోస్టు ఉన్నప్పుడే మంచి పెరుగుదల కనిపించింది. మరీ ఎక్కువ వేస్తే ఆ లాభం తగ్గిపోయింది. మన లెక్కలో చెప్పాలంటే పది గిన్నెల మిశ్రమానికి రెండు గిన్నెలు. మిగతాది ఎర్రమట్టి, కొబ్బరిపొట్టు, కాస్త వేపపిండి. మిద్దె మీద బరువు గురించి భయపడేవాళ్ళు మట్టి తగ్గించి కొబ్బరిపొట్టు పెంచుకోవచ్చు, ఎరువు పాళ్ళు మాత్రం పెంచకండి.

ఇప్పటికే ఉన్న కుండీలకు ఇలా చేయండి. పై మట్టిని అంగుళం లోతున గుల్ల చేసి, పన్నెండు అంగుళాల కుండీకి రెండు గుప్పిళ్ళు, కాండానికి తగలకుండా చుట్టూ చల్లి, పైన ఎండుటాకులు కప్పి నీళ్ళు పోయండి. కప్పడం మరవద్దు. ఎండకు వదిలేస్తే పెళుసుగా ఎండిపోయి అందులోని సూక్ష్మజీవులు పోతాయి. నెలకోసారి ఇది చాలు. ఆకుకూరలు, వంగ, టమాటా, గులాబీ దీన్ని ఇష్టంగా తీసుకుంటాయి. ముల్లంగి, క్యారెట్‌లకు చేయి బిగించి వేయండి. ఎరువు ఎక్కువైతే ఆకు ఏపుగా పెరుగుతుంది, దుంప ఊరదు. కలబంద, అడీనియంలకు ఏడాదికి ఒకటి రెండుసార్లు చిటికెడు వేస్తే సరి.

కొనుక్కునేవాళ్ళ కోసం కూడా ఒక మాట. సంచి విప్పగానే తొలకరి మట్టి వాసన రావాలి. ముక్కు పుటాలు అదిరే ఘాటు వస్తే అది ఇంకా మాగలేదు. కేంద్ర ప్రభుత్వపు ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం వర్మీకంపోస్టులో తేమ 15 నుంచి 25 శాతం మధ్య ఉండాలి, నత్రజని ఒక శాతానికి తగ్గకూడదు, నాలుగు మిల్లీమీటర్ల జల్లెడలో కనీసం 90 శాతం జారిపోవాలి. తేమ, నత్రజని ఇంట్లో కొలవలేం గానీ జల్లెడ పట్టి చూడడం మన చేతిలో పనే. నీళ్ళు కారే సంచికి మనం నీటి ధర చెల్లిస్తున్నట్టే. ఇసుక, ఎర్రమట్టి కలిపి బరువు పెంచే అంగళ్ళూ ఉన్నాయి. గుప్పెడు తీసి గ్లాసు నీళ్ళలో కలిపి కాసేపు ఉంచితే ఇసుక అడుగున పేరుకుని కనిపిస్తుంది.

సొంత తొట్టె ఉన్నవాళ్ళు తీసేముందు నాలుగైదు రోజులు నీళ్ళు ఆపండి. వెలుతురు ఉన్న చోట గోపురంలా పోస్తే, వెలుగు గిట్టని వానపాములు అడుక్కి దిగిపోతాయి. పైపైన తీసుకుని మళ్ళీ కాసేపు ఆగండి. నిమ్మకాయ ఆకారంలో, ఆవగింజంత పసుపు గింజలు కనిపిస్తే పారేయకండి, అవి వాటి గుడ్ల గూళ్ళు. జల్లించాక జల్లెడలో మిగిలినదంతా తొట్టెలోకే. ఎరువుతో పాటు ఒకటి రెండు వానపాములు కుండీలోకి పోయినా కంగారు వద్దు, అవి బతికున్న వేరును ముట్టవు.

డాలస్‌లో ఉన్న మా అక్కకూతురు నిన్న ఫోన్‌లో తన తొట్టె చూపించింది. అక్కడా వేసవి మండిపోతుంది కదా, అందుకని ఇంట్లో సింకు కిందే పెట్టుకుంది. అక్కడ రెడ్ విగ్లర్లంటారు, అవి మనం పెంచే ఐసీనియా ఫెటిడాలే. నిమ్మతొక్క, ఉల్లి, వెల్లుల్లి, పచ్చడి మిగుళ్ళు వేయొద్దన్నాను. "అవన్నీ నువ్వు చెప్పకముందే తెలుసుకున్నాను పిన్నీ" అంది. కరివేపాకు కుండీ కూడా చూపించింది, కొత్త చిగుర్లతో కళకళలాడుతోంది. ఆ దేశంలో కరివేపాకు చిగురు వేయడమంటే ఎంత సంతోషమో ఇక్కడ చెట్టు ఉన్నవాళ్ళకు తెలియదు.

వచ్చే వారం టమాటా, క్యాబేజీ, కాలీఫ్లవర్ నారు పోస్తున్నాం. నారు ట్రేలకు జల్లించిన ఎరువే వాడాలి, అదీ పదికి ఒక వంతే. లేత వేరుకు అంతకన్నా వద్దు.

ఇంకో పది రోజుల్లో ఎంగిలిపూల బతుకమ్మ. తొమ్మిది రోజులూ తంగేడు, గునుగు, బంతి ఒలిచిన కాడలు, ఆకులు ప్రతి ఇంటా గంపలకొద్దీ మిగులుతాయి. ఈసారి మెట్ల దగ్గర రెండు గోనెసంచులు పెడుతున్నాం. కాడలు, ఆకులు మొదటి సంచిలో వేయండి, అది వానపాములకు. గునుగు తలలు, ముదిరిన బంతి తలలు రెండో దాంట్లో వేయండి. వానపాముల తొట్టె వేడెక్కదు కాబట్టి గింజ చావదు. నల్లగా మెరిసే ఆ గునుగు గింజలు ఎరువులో కలిస్తే పాలకూర కుండీల నిండా గునుగే లేస్తుంది. వాటిని వేడెక్కే కంపోస్టు కుప్పలో వేస్తాం. రంగులో ముంచిన గునుగు ఉంటే మాత్రం వేరుగా కట్టి ఇవ్వండి, దాన్ని రెండింటిలోనూ కలపడం లేదు.