ఉధార్ ఖాతాకి తాళం

గరివిడిలో అబ్బా దుకాణం ఉధార్ మీదే నడుస్తుంది. జీతాలు పడేదాకా, పంట చేతికొచ్చేదాకా సామాన్లు ముందే వెళ్లిపోతాయి. ఎవరింట్లో బియ్యం నిండుకున్నాయో, ఎవరు ఆసుపత్రి ఖర్చుల వల్ల బాకీ ఆపేశారో అంతా ఆ ఎర్ర అట్ట ఖాతాలో ఉంటుంది. అబ్బా దృష్టిలో అది ఉత్త హిసాబ్ కాదు, జనాల ఇజ్జత్. అమానత్.

దాన్ని కంప్యూటర్లోకి ఎక్కిద్దామని మా భాంజా అన్నప్పుడు ఆయన వేసిన సవాల్ ఒక్కటే: "కాఁ రహతా బేటా? కౌన్ దేఖ్‌తా?"

ఫోన్లో ఖాతా యాప్‌లకి కొదవ లేదు. కానీ హిసాబ్ ఎవరి కంప్యూటర్లోనో కూర్చుంటుంది. నాకది నచ్చలేదు. అందుకే హెచ్2 పట్టుకున్నాం. థామస్ ముల్లర్ అనే ఆయన 2004లో మొదలుపెట్టిన జావా డేటాబేస్ లైబ్రరీ. సోర్స్ అందరికీ ఖుల్లా. విడిగా సర్వర్ అక్కర్లేదు, హిసాబంతా మన దగ్గరే ఒక ఫైల్లో ఉంటుంది. తయారుగా ఉన్న జార్ దించుకుంటే పని చిటికెలో అయిపోతుంది, నిజమే. అయినా సీలు వేసిన కారం ప్యాకెట్ కొనడం వేరు, మిరపకాయలు కళ్లముందు మర ఆడించుకోవడం వేరు.

గిట్‌తో సోర్స్ తెచ్చుకుని, హెచ్2 ఫోల్డర్లోకి వెళ్లి, బిల్డ్ స్క్రిప్టుకి 'జార్' అని చెప్పాలి. మొదట్లోనే ఆగింది. భాంజా లాప్‌టాప్‌లో జావా నడిపే సరంజామా ఉంది గానీ కంపైలర్ లేదు. జేడీకే వేసి, జావా హోమ్‌ని దానివైపు తిప్పాక కదిలింది. ఇందులో ఒక తమాషా ఉంది. ఇది మావెన్, యాంట్ ఏదీ అడగదు. తన బిల్డ్ పనిముట్టుని తనే ముందు కంపైల్ చేసుకుని, ఆ తర్వాత దానితో లైబ్రరీని కడుతుంది. కావలసిన మిగతా జార్‌లు నెట్‌లోంచి తెచ్చుకుని, ప్రతిదాని చెక్‌సమ్ చూసుకుంటుంది. తేడా ఉంటే పని ఆపేస్తుంది. కాబట్టి మొదటిసారి నెట్ తప్పదు. మా సిగ్నల్ సంగతి మీకు తెలుసు, సబర్ కూడా తప్పదు. చివరికి బిన్ ఫోల్డర్లో జార్ కనిపించింది. రెండున్నర ఎంబీ.

"ఇంతేనా మామూ?" అన్నాడు వాడు.

అసలు మెహనత్ తాళం దగ్గర. కనెక్షన్‌లో 'సైఫర్ ఏఈఎస్' అని రాస్తే ఫైలంతా గుప్తంగా ఉంటుంది. పాస్‌వర్డ్ రెండు ముక్కలు: ముందు ఫైలుది, తర్వాత ఒక ఖాళీ, ఆ తర్వాత యూజర్‌ది. ఫైలు పాస్‌వర్డ్ మర్చిపోతే ఖాతా పోయినట్టే. 'స్క్రిప్ట్' ఆదేశంతో బ్యాకప్ తీస్తే మాత్రం, మళ్లీ విడిగా సైఫర్ చెప్పకపోతే, బాకీలన్నీ మామూలు అక్షరాల్లో బయటికొచ్చేస్తాయి. ఇంత కష్టపడి తలుపుకి తాళం వేసి కిటికీ తీసి పెట్టినట్టు.

పేర్లు తెలుగులోనూ ఉర్దూలోనూ ఎక్కాయి. అబ్బా ఒక షరతు పెట్టారు: బాకీ తీర్చేసినవాళ్ల లెక్క మిగలకూడదు. కాగితం మీద గీత కొట్టినా కింద పేరు కనిపిస్తూనే ఉండేది, ఆ బాధ ఆయనకి ఎప్పటినుంచో ఉంది. ఇక్కడ డిలీట్ చేయొచ్చు గానీ పాత బ్యాకప్‌ల్లో ఉండిపోతాయని చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, ఇంట్లో పెన్‌డ్రైవులు ఎన్నున్నాయో లెక్కపెట్టమన్నారు.

మూడు. నాలుగోది భాంజా దగ్గరుంది, సినిమాలతో.