సెలవు తేదీలతో ఇంగ్లిష్ అంకెలు

యానాం నుంచి వచ్చి పుదుచ్చేరిలో మా వీధిలో ఉంటున్న పిల్లాడికి ఇంగ్లిష్ అంకెలు చెబుతున్నాను. వన్, టూ, త్రీ గడగడా చదివేస్తాడు. తేదీ దగ్గరికొస్తే ఆగిపోతాడు. అందుకే ఈ ఊరి సెలవులే పాఠం చేశాను. ఫ్రెంచివాళ్లు పాలన అప్పగించింది 1954 నవంబర్ 1న, అంటే ఫస్ట్. చట్టపరంగా విలీనమైంది 1962 ఆగస్టు 16న, సిక్స్‌టీన్త్. మనం ‘ఇరవై ఒకటో తారీఖు’ అన్నప్పుడు ఇరవై మారదు కదా, అలాగే ట్వంటీ ఫస్ట్‌లోనూ ట్వంటీ మారదు. ఇది వినగానే వాడి మొహం విప్పారింది!

చిక్కంతా స్పెల్లింగుతోనే. నైన్త్‌లో చివరి ‘ఇ’ ఎగిరిపోతుంది, ట్వెల్ఫ్త్‌లో ‘వి’ కాస్తా ‘ఎఫ్’ అవుతుంది. ఈ రెండూ రోజూ రాయిస్తున్నాను. బట్టీ పట్టించేకన్నా ముందు పిల్లల పుట్టినరోజు అడగండి, వాళ్లే ఉత్సాహంగా చెబుతారు.