పాయిగా జాలీ నేర్పిన కొలత

ఫజ్ర్ నమాజు ముగించుకొని కర్నూలులో ఎక్కిన బస్సు మమ్మల్ని ఆరాంఘర్ కూడలిలో దింపేసరికి ఎండ బాగా ఎక్కింది. మా వెంట మదరసా విద్యార్థులు ఏడుగురు ఉన్నారు. హైదరాబాదుకు తొలిసారి వచ్చిన పిల్లలు చార్మినార్ ఎప్పుడు చూస్తామని అడగడం సహజం. దానిని మరునాటికి వాయిదా వేసి, చాంద్రాయణగుట్ట మీదుగా సంతోష్‌నగర్ వైపు రెండు ఆటోలు మాట్లాడుకున్నాము. పీసల్ బండ ఇరుకు వీధుల నడుమ ఉన్న పాయిగా సమాధులు మా గమ్యం.

ఈ ప్రయాణానికి ఒక బాలుని ప్రశ్న కారణం. మా మదరసాలో రెండు పాత కంప్యూటర్లు ఉన్నాయి. పరీక్షా పత్రాలు, ప్రకటనలు, వార్షిక జల్సా ఆహ్వాన పత్రికలు వాటిపైనే తయారవుతాయి. బొమ్మలు, అలంకరణలు గీయడానికి ఖరీదైన ఒక సాఫ్ట్‌వేర్‌ను ఎవరో తాళం పగులగొట్టిన కాపీగా తెచ్చి అందులో వేశారు. వేయమన్నది మేమే. కొన్నేళ్ళుగా దానినే వాడుతూ వచ్చాము. ఒకరోజు ఆహ్వాన పత్రిక అంచున పూలచక్రం అతికిస్తుండగా, పక్కన నిలబడిన పదమూడేళ్ళ హిఫ్జ్ విద్యార్థి, "హజ్రత్, దీనికి మనం డబ్బు కట్టామా?" అని అడిగాడు. లేదన్నాము. "మరి ఇది మనకు హలాలేనా?" అన్నాడు. "అందరూ వాడుతున్నదే కదా బేటా" అని మా నోటి నుండి వచ్చింది. ఆ సమాధానం చెప్పిన మరుక్షణమే మాకు సిగ్గు వేసింది. ఆ పూట మేము పిల్లలకు బోధించిన పాఠం కొలతల్లో, తూనికల్లో మోసం చేసేవారిని హెచ్చరించే సూరా అల్ ముతఫ్ఫిఫీన్.

మాకు విషయం తెలియక కాదు. గ్రంథకర్తకు, ఆవిష్కర్తకు తన కృషిపై ఉండే హక్కు షరీఅత్ దృష్టిలో రక్షణ పొందదగినదేనని, దానిని కాజేయడం ధర్మసమ్మతం కాదని అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ 1988లో కువైట్‌లో జరిగిన సమావేశంలో తీర్మానించింది. ఆ తీర్మానాన్ని మేము చదివాము, పై తరగతుల వారికి వివరించాము. కాని మా గదిలోని కంప్యూటర్ దగ్గరకు వచ్చేసరికి దానిని మరచిపోయాము.

ఆ వారమే ఆ కాపీని తొలగించాము. సంతోష్‌నగర్‌లో ఉద్యోగరీత్యా నివసిస్తున్న మా పూర్వ విద్యార్థికి ఫోన్ చేస్తే, "ఇంక్‌స్కేప్ ఉంది హజ్రత్, అది అందరికీ ఉచితం" అన్నాడు. "పూలచక్రాలను ఎక్కడి నుండో తెచ్చి అతికించడం దేనికి? పిల్లలను ఇక్కడికి తీసుకురండి. పాయిగా సమాధుల జాలీలు చూపించి, గీయడం నేర్పుదాం" అని ఆహ్వానించాడు. అలా బయలుదేరాము.

పాయిగా ప్రాంగణంలో అడుగుపెట్టగానే వీధి రొద వెనుకబడింది. పిల్లలను ద్వారం దగ్గరే ఆపి, కబ్రస్తాన్‌లో ప్రవేశించే మర్యాదను గుర్తు చేశాము. అందరం మృతులకు సలాం చెప్పి, వారి మన్నింపు కోసం దుఆ చేశాము. సమాధులపై అలంకారాలు, కట్టడాలు నిర్మించడం విషయంలో ధర్మం ఏమంటుందో పిల్లలకు ముందే బోధించాము. చనిపోయినవారిని అర్థించడానికి మేము అక్కడికి వెళ్ళలేదు. పేరు మిగుల్చుకోని పనివారి హస్తకౌశలం చూడడానికి వెళ్ళాము.

పాయిగాలు ఆసఫ్ జాహీ పాలకులతో వియ్యమందిన సర్దారులు. తమ వంశం హజ్రత్ ఉమర్ ఫారూఖ్ (రజి) వరకు వెళుతుందని చెప్పుకునేవారు. 18వ శతాబ్దం చివరి భాగంలో ఆ వంశ ప్రముఖుడు అబుల్ ఫతహ్ ఖాన్ తేగ్ జంగ్ ఇక్కడ ఖననమైన తరువాత, తరతరాల వారు ఇక్కడే విశ్రమించారు. కొండపై ఫలక్‌నుమా ప్యాలెస్ కట్టించిన సర్ వికారుల్ ఉమరా సమాధి కూడా ఇక్కడే ఉంది. అంతటి భవనం కట్టించినవారికి చివరకు దక్కిన స్థలాన్ని పిల్లలు కళ్ళతోనే కొలుచుకున్నారు. మేము వ్యాఖ్యానించవలసిన అవసరం కలగలేదు.

పాలరాతి సమాధుల చుట్టూ సున్నపు గచ్చుతో మలచిన గోడలు, కమానులు, జాలీలు ఉన్నాయి. ఒక జాలీలో ఉన్న అల్లిక పక్క జాలీలో కనిపించదు. ఒకచోట షడ్భుజాలు, మరొకచోట నక్షత్రాలు, ఇంకొకచోట తీగలు అల్లుకున్నాయి. వెలుగు వాటి గుండా దూరి నేలపై అదే చిత్రాన్ని నీడగా పరుస్తోంది. మా బాలుడు ఒక నక్షత్రం ముందు కూర్చుని రేకులు లెక్కపెట్టాడు. పన్నెండు. గోడను ముట్టుకోవద్దని చెప్పి, ఎదుట కూర్చుని కాగితంపై గీసుకోమన్నాము. వృత్తలేఖిని, స్కేలు, కోణమానిని వెంట తెచ్చుకున్నాము. మేము కూడా ఒక కాగితం తీసుకున్నాము.

సాయంత్రం మా పూర్వ విద్యార్థి ఇంట్లో మగ్రిబ్ తరువాత లాప్‌టాప్ ముందు చేరాము. ఇంక్‌స్కేప్ 2003లో మొదలైనది. దానిని ఎవరైనా డబ్బు చెల్లించకుండా వాడవచ్చు, ఇతరులకు కాపీ చేసి ఇవ్వవచ్చు, దాని లోపలి రాతను చదవవచ్చు, మార్చుకోవచ్చు. దానిని రాసినవారు ఆ అనుమతిని ముందే ఇచ్చివేశారు. ఇందులో గీసిన గీత చుక్కల సమూహంగా కాక, గణిత రేఖగా నిలిచి ఉంటుంది. అందువల్ల చిన్న చీటీపై ముద్రించినా, గోడంత పెద్దగా ముద్రించినా అంచు చెదరదు.

పాఠం రెండు చతురస్రాలతో మొదలైంది. కంట్రోల్ మీట నొక్కి పట్టుకొని గీస్తే చతురస్రం సమంగా వస్తుంది. కంట్రోల్, డి మీటలతో దానికి నకలు తీసి, ఆ నకలును 45 డిగ్రీలు తిప్పగానే ఎనిమిది కోణాల నక్షత్రం వచ్చింది. పిల్లల ముఖాలు వెలిగిపోయాయి. ముస్‌హఫ్ అంచుల్లో హిజ్బ్ నాలుగవ భాగాన్ని తెలిపే గుర్తు అదే. ప్రతిరోజూ చూసే గుర్తు రెండు చతురస్రాల కలయిక అని వారు ఆనాడే గ్రహించారు. మూడు చతురస్రాలను 30 డిగ్రీల ఎడంతో పేర్చితే పన్నెండు కోణాలు వస్తాయి.

తరువాత రేకుల చక్రం. పన్నెండు రేకులను విడివిడిగా గీయనవసరం లేదు. ఒక వృత్తం గీసి, దాని పై భాగంలో ఒకే ఒక రేకు గీయాలి. ఆ రేకుపై ఒకసారి నొక్కితే పరిమాణం మార్చే బాణాలు, మళ్ళీ నొక్కితే తిప్పే బాణాలు వస్తాయి. అప్పుడు రేకు నడుమ చిన్న కూడిక గుర్తు కనిపిస్తుంది. రేకు ఏ బిందువు చుట్టూ తిరగాలో అది చెబుతుంది. దానిని లాగి వృత్త కేంద్రంపై సరిగ్గా నిలపాలి. వెంట్రుకవాసి పక్కకు జరిగినా చక్రం నడిబొడ్డు వంకర పోతుంది. పిమ్మట ఎడిట్ జాబితాలో క్లోన్ అనే విభాగంలోకి వెళ్ళి, వరుసగా పేర్చే క్లోన్ల పట్టిక తెరవాలి. ఒక వరుస, పన్నెండు నిలువులు అని రాయాలి. జరుపుదల దగ్గర ప్రతి నిలువుకు అడ్డంగా మైనస్ 100 శాతం అని, తిప్పుడు దగ్గర ప్రతి నిలువుకు ఇన్ని డిగ్రీలని రాసి ఆజ్ఞ ఇస్తే సరి. మొదటి క్లోన్ అసలు రేకు మీదే కూర్చుంటుందని గుర్తుంచుకోవాలి.

అందులో కోణం రాసే పని పిల్లలు మాకు అప్పగించారు. మేము పగలు జాలీ ముందు గీసిన కాగితం తీసి, రెండు రేకుల మధ్య కోణమానిని ఉంచి చూశాము. 29 వచ్చింది. అలాగే రాశాము. తెరపై రేకులు ఒక్కసారిగా విచ్చుకున్నాయి. చూడగానే అందంగానే ఉంది. ఇంతలో బాలుడు తెరపై వేలు పెట్టి, "హజ్రత్, ఇక్కడ సందు ఉంది" అన్నాడు. నిజమే. చివరి రేకుకు, మొదటి రేకుకు నడుమ ఎడం తక్కినవాటి కన్నా వెడల్పుగా ఉంది. ఒక్క డిగ్రీ తేడాయే కదా, రేకును కొంచెం లావు చేస్తే కప్పుకుపోతుందన్నాము. బాలుడు వేళ్ళపై లెక్క వేశాడు. "పన్నెండు ఇరవైతొమ్మిదులు మూడువందల నలభై ఎనిమిది. మిగతా పన్నెండు డిగ్రీలు ఎక్కడికి పోయాయి?"

గదిలో ఎవరూ నవ్వలేదు. మాకు మళ్ళీ "అందరూ వాడుతున్నదే కదా" అన్న మా మాట గుర్తుకు వచ్చింది. కప్పిపుచ్చడం అక్కడా ఇక్కడా ఒకటే. మేము కోణాన్ని కొలిచి తెచ్చాము. కాని జాలీ మలచినవారు ఆ పద్ధతిలో పని చేసి ఉంటే వారి నక్షత్రం కూడా మూసుకొనేది కాదు. వృత్తలేఖినిని వ్యాసార్ధమంత తెరచి వృత్తంపై అడుగులు వేసుకుంటూ పోతే, ఆరవ అడుగు మొదటి చోటికే వస్తుంది. ఒక్కొక్క భాగాన్ని సగం చేస్తే పన్నెండు. డిగ్రీల అంకె లేకుండానే వృత్తం తనను తాను పంచుకుంటుంది. బగ్దాదులో జీవించిన అబుల్ వఫా అల్ బూజ్‌జానీ (940-998) పనివారికి అవసరమయ్యే రేఖాగణితం గురించి ప్రత్యేకంగా ఒక గ్రంథమే రాశారు. ఇస్తాంబుల్‌లోని తోప్‌కాపీ ప్యాలెస్‌లో భద్రపరచిన దాదాపు 30 మీటర్ల పొడవైన కాగితపు చుట్టలో 114 రేఖాచిత్రాలు ఉన్నాయి. వాటిలో చాలావరకు పూర్తి చిత్రం ఉండదు, మరల మరల వచ్చే ఒక తునక మాత్రమే ఉంటుంది. ఆ తునక సరిగా ఉంటే తక్కిన గోడ అంతా సరిగా ఉంటుంది.

29ని చెరిపి 30 రాశాము. చక్రం మూసుకుంది. అప్పుడు మా పూర్వ విద్యార్థి మరొక విశేషం చూపాడు. అసలు రేకు అంచును కొద్దిగా లాగగానే తక్కిన పన్నెండు క్లోన్లూ అదే విధంగా మారాయి. "ఖిరాఅత్ తరగతి లాగా ఉంది హజ్రత్" అన్నాడు ఒక పిల్లవాడు. ఆ మాట సత్యం. ఉస్తాద్ ఒక అక్షరాన్ని తప్పు స్థానం నుండి పలికితే, ఆ తప్పు పన్నెండు నోళ్ళలో పలుకుతుంది. పిల్లలు మన మాటల కన్నా ముందు మన నడవడికను నకలు తీస్తారు.

ఆ రాత్రి ఇషా తరువాత ఏడుగురినీ కూర్చోబెట్టి చెప్పాము. మదరసాలో మేము వాడిన కాపీ మనకు హక్కు లేనిదని, ఆనాడు మీ సహాధ్యాయికి మేము ఇచ్చిన జవాబు తప్పని, అల్లాహ్‌ను మన్నింపు వేడుకున్నామని చెప్పాము. యాభై దాటిన వయసులో శిష్యుల ముందు ఇది చెప్పడం తేలిక కాలేదు. వారు మౌనంగా విన్నారు. బాలుడు తల వంచుకొని, "నేను మర్యాద తప్పి అడిగానేమోనని భయపడ్డాను" అన్నాడు. ఇన్ని రోజులు ఆ పసివాడు ఆ భయాన్ని మోశాడని తెలిసి మా గుండె బరువెక్కింది. అడిగినవాడికి మేలు జరగాలని అతని కోసం దుఆ చేశాము.

మరునాడు చార్మినార్ చూపించాము. మధ్యాహ్నం బస్సుకు ముందు, మళ్ళీ పాయిగా జాలీ చూడాలని పిల్లలే కోరారు. ఈసారి ఎవరూ కాగితం తీయలేదు. నక్షత్రం అంచులను వదలి అందరూ నడిమి బిందువును చూశారు.

ఇంట్లో కంప్యూటర్ ఉన్న పాఠకులకు మా మనవి ఒకటే. సెలవు రోజున పిల్లల పక్కన కూర్చుని, ముందు కాగితంపై వృత్తలేఖినితో ఆరు భాగాలు చేయించండి. ఆ తరువాత ఇంక్‌స్కేప్‌లో రెండు చతురస్రాలతో మొదలుపెట్టి, ఒక రేకుతో చక్రం గీయించండి. కోణం కోసం 360ని రేకుల సంఖ్యతో భాగించమనండి. ఏడు రేకులు ఎంచుకుంటే భాగహారం పూర్తిగా తెగదు, దశాంశాల వరకు రాయవలసి వస్తుంది. అది కూడా మంచి పాఠమే. వారు మిమ్మల్ని ఏదైనా అడిగితే, వెంటనే నిజం చెప్పండి.

ఈ ఏడాది మా జల్సా ఆహ్వాన పత్రికపై పన్నెండు రేకుల నక్షత్రం ఉంటుంది, ఇన్షా అల్లాహ్. దానిని మా విద్యార్థులే గీశారు. అల్లాహ్ మన కొలతలను సరిచేయుగాక! ఆమీన్.