గుండు గీయిస్తే వణుకు పోతుందా?

ఈమధ్య ఓపీలో పార్కిన్‌సన్స్ రోగుల బంధువులు ఫోన్ చాపి ఒకే రకం వీడియో చూపిస్తున్నారు. తలకు హెల్మెట్ తొడుగుతారు, కాసేపటికి వణికే చేయి కుదుటపడుతుంది. బంగారుపాళ్యం మామిడి రైతు కొడుకైతే, "గుండు గీయాలంట సారూ. కొండకు పోయినప్పుడల్లా ఇచ్చేదే గదా" అన్నాడు. తిరుపతి వైపు ఈ చికిత్సకు ఒక అడ్డు ముందే తొలగిపోయినట్టే!

వీడియో అబద్ధం కాదు. ఎంఆర్ఐలో పడుకోబెట్టి, హెల్మెట్‌లోని 1024 బిళ్ళల నుంచి వచ్చే అల్ట్రాసౌండ్‌ను మెదడు లోతున థాలమస్‌లో ఒక్క చోటికి గురిపెడతారు. అక్కడ వేడి 55–60 డిగ్రీలకు చేరి ఆ కాస్త భాగం మాడిపోతుంది. పుర్రె కోయరు. రోగి మెలకువగానే ఉంటాడు, మధ్యమధ్యలో చేయి చాపమంటారు. మందులకు లొంగని వణుకు ఉన్న పార్కిన్‌సన్స్‌కు అమెరికా ఎఫ్‌డీఏ 2018లో దీన్ని అనుమతించింది. కోయంబత్తూరులోనూ ఈ యంత్రం ఉంది.

కానీ ఇది కాల్చడం. ఏదీ కాల్చకుండా, తక్కువ తీవ్రత తరంగాలతో మెదడు పనితీరును సర్దే పద్ధతి వేరు. 2025లో లండన్, ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 256 బిళ్ళల హెల్మెట్‌తో ఆరోగ్యవంతుల మీద దాన్ని చేసి చూపారు. అది ఇంకా పరిశోధనే. ఫోన్లో రెండూ కలగాపులగం.

శ్రీకాళహస్తిలో కలంకారీ పని చేసే ఒకామెకు ఒళ్ళో ఊరకే ఉన్న కుడి చేయి వణికేది. వెదురు కలం అందుకోగానే ఆగేది. కాగితమిచ్చి తీగ గీయమన్నాను. మొదటి ఆకు నిండుగా వచ్చింది, నాలుగోది సగమైంది, చివరిది చీమంత. చూసేవాళ్ళకు వణుకే కనబడుతుంది గానీ ఆమె కూడు పోగొడుతున్నది కదలిక కుంచించుకుపోయే ఈ నిదానం. థాలమస్‌ను కాల్చితే నిదానం పోదు. ఆరా తీస్తే పార్కిన్‌సన్స్‌కు వాడే సిండోపా మాత్రను పప్పన్నం మధ్యలో మింగుతోంది. పప్పులోని మాంసకృత్తులు ఆ మందును సరిగా ఒంటికి పట్టనివ్వవు. తిండికి అరగంట ముందు వేసుకోమన్నాను, వేళలు దగ్గర చేశాను. పని మళ్ళీ సాగింది.

మామిడి రైతు సంగతి వేరు. మోతాదు చాలినంత ఇచ్చినా ఆయన కుడిచేతి వణుకు తగ్గలేదు. అలాంటివారికే ఆ హెల్మెట్. అదైనా పుర్రె ఎముక తరంగాలను లోపలికి పోనిస్తుందో లేదో సీటీలో తేలాకే. చేసినా జబ్బు ముదరడం ఆగదు, మాత్రలూ పూర్తిగా పోవు.

కోయంబత్తూరుకు బస్సెక్కే ముందు ఓ వారంపాటు మాత్ర ఎన్నింటికి వేస్తున్నారో, దాని పట్టు ఎన్నింటికి వదులుతోందో రాసి మీ డాక్టరుకు చూపండి. సిండోపాను మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు.