మన కోళ్ళ గురక, అమెరికా పిట్టల కళ్ళు

ఇవాళ్టి పోస్టు కాస్త పెద్దది. తీరిక ఉన్నప్పుడు చదవండి.

2025 ఫిబ్రవరిలో మన గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చి ఫారాల్లో కోళ్ళు పోయిన దగ్గర్నుంచి మా ఊళ్ళో ఒక మాట పాతుకుపోయింది. కోడి తల వాల్చిందంటే చాలు, "వలస పక్షులు తెచ్చాయి" అంటారు. బర్డ్ ఫ్లూ వరకు ఆ మాట కొట్టిపారేయలేం. అడవి బాతుల్లో ఆ వైరస్ తిరుగుతుంటుంది. కానీ జబ్బులు అటునుంచి ఇటే వస్తాయని ఎవరు చెప్పారు? కోళ్ళ జబ్బు ఒకటి అడవి పిట్టలకు ఎక్కి, ఒక దేశంలో సగం మేర పాకింది. ఆ సంగతే ఇది.

మా చిన్నమ్మాయి వర్జీనియాలో ఉంటుంది. అక్కడ పెరట్లో పిట్టల కోసం గింజల గొట్టం వేలాడగట్టడం మామూలు. గొట్టానికి చిన్న చిన్న కంతలుంటాయి, పిట్ట వాలి తల లోపలికి పెట్టి గింజ తీసుకుంటుంది. పోయినేడు వీడియో కాల్‌లో ఒక పిట్టను చూపించింది. పిచ్చుకంత ఉంది, తల, రొమ్ము ఎర్రగా ఉన్నాయి. ఒక కన్ను వాచి, పుసి కట్టి, మూసుకుపోయింది. "అమ్మాయ్, మన గురక కోళ్ళ కన్నులాగే ఉందే" అన్నాను. నవ్వేసింది. రెండు రోజులయ్యాక తనే ఫోన్ చేసి, "నాన్నా, అదే క్రిమంట" అంది.

పిట్ట పేరు హౌస్ ఫించ్. క్రిమి పేరు మైకోప్లాస్మా గాలిసెప్టికమ్. మనం సీఆర్‌డీ అంటామే, కోడి గురగురమంటూ ముక్కు కారుస్తుంది, కళ్ళలో నురగ పెడుతుంది, గుడ్లు తగ్గిస్తుంది, ఆ జబ్బుకు కారణం ఇదే. కొక్కెర తెగులు వేరు, అది వైరస్. కన్ను వాచిన ప్రతి కోడికీ ఇదే అనుకోకండి, మశూచిలోనూ కళ్ళు మూసుకుపోతాయి.

ఈ ఫించ్ అసలు అమెరికా పడమటి వైపు పిట్ట. 1940 ప్రాంతంలో న్యూయార్క్‌లో కొందరు వర్తకులు వీటిని పంజరాల్లో పెట్టి, హాలీవుడ్ ఫించ్‌లని పేరుపెట్టి అమ్మేవారు. అది చట్టవిరుద్ధం. పట్టుబడతామని వదిలేశారు. ఆ కొద్ది పిట్టల సంతానమే యాభై ఏళ్ళలో తూర్పు రాష్ట్రాలన్నిటా నిండిపోయింది. 1994 మొదట్లో వాషింగ్టన్ చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు తమ గింజల గొట్టాల దగ్గర కళ్ళు వాచిన పిట్టల్ని గమనించారు. కార్నెల్ విశ్వవిద్యాలయం పక్షి పరిశోధకులు మామూలు జనం చేతే లెక్కలు రాయించారు. మూడు నాలుగేళ్ళలో జబ్బు తూర్పంతా పాకింది. ఎక్కడ పిట్టలు కిక్కిరిసి ఉండేవో అక్కడే ఎక్కువ తగ్గిపోయాయి. ఫారం పెట్టినవాళ్ళకు ఈ ఒక్క ముక్క చాలు.

క్రిమి నేరుగా చంపేది తక్కువ. పంజరంలో పెట్టి మేత, నీళ్ళు అందిస్తే చాలా పిట్టలు కోలుకుంటాయి. బయట మాత్రం కళ్ళు కనబడక ఆకలితో పోతాయి, లేదా పిల్లికో డేగకో దొరికిపోతాయి.

నన్ను ఆపింది ఇక్కడి నుంచి చెప్పబోయే సంగతి. ఈ క్రిమికి ఒంటికి గోడ ఉండదు. అందుకే పెన్సిలిన్ జాతి మందులు దీనిమీద పనిచేయవు, అవి గోడను పగలగొట్టే మందులు. గోడ లేదు కాబట్టి పక్షి ఒంటి బయట ఎక్కువ కాలం బతకలేదు కూడా. ఇంత బలహీనమైనది దేశాన్ని ఎలా చుట్టేసింది? పిట్టల నడవడి మోసుకెళ్ళింది. వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయంలో డానా హాలీ అనే శాస్త్రవేత్త, ఆమె తోటివాళ్ళు ఏళ్ళ తరబడి దీన్నే చూస్తున్నారు. గొట్టం దగ్గర ఎక్కువసేపు గడిపే పిట్టే ముందు జబ్బు తెచ్చుకుంటుంది, అదే ఎక్కువగా పంచుతుంది. జబ్బుపడ్డది దూరం ఎగరలేక, గింజ సులువుగా దొరుకుతుందని అక్కడే కూర్చుంటుంది. కంటి రొచ్చు కంతకు అంటుతుంది. తర్వాత వచ్చినది అదే కంతలో తల పెడుతుంది.

ఇంకో వింత ఉంది. జబ్బుపడ్డ పిట్ట పొడవదు, తరమదు, మందంగా ఉంటుంది. అందుకని ఆరోగ్యంగా ఉన్న మగ పిట్టలు దాని పక్కన మేయడానికే ఇష్టపడుతున్నాయని వాళ్ళు పరీక్షపెట్టి చూశారు. ఇది చదివి మా దొడ్డి గుర్తొచ్చింది. మా దొడ్డిలో పెద్ద పుంజు ఉన్నంతసేపు పెయ్యకోళ్ళు తొట్టి దగ్గరకు రావు. మూల ముడుచుకున్న నీరసపు కోడి పక్కన మాత్రం ధైర్యంగా చేరి మేస్తాయి. ఎన్నేళ్ళుగానో చూస్తున్నాం, దాని అర్థం మాత్రం అమెరికా పిట్ట చెప్పింది.

అన్ని పిట్టలూ ఒకలా ఉండవు. మరో పరిశోధనలో, జబ్బుదాన్ని చూసి దూరంగా తప్పుకునే పిట్టల్లో ఒంటి రక్షణ తక్కువగా ఉందట. దగ్గరకు వెళ్ళేవాటిలో ఎక్కువట. లోపల బలం లేనిది జాగ్రత్తతో బతుకుతోందన్నమాట. మనుషుల్లోనూ చూస్తాం లెండి.

ఇక రోగనిరోధక శక్తి సంగతి. ఒకసారి జబ్బుపడి లేచిన ఫించ్‌కు రక్షణ వస్తుంది, కాని సగమే. మళ్ళీ తగులుతుంది, ఈసారి తేలిగ్గా పోతుంది. మంచిదే కదా అనిపిస్తుంది. హాలీ బృందం 2018లో చూపించినది వేరే. సగం రక్షణ ఉన్న ఒంట్లో మెతక రకం క్రిమి నిలదొక్కుకోలేదు. గట్టి రకం నిలుస్తుంది. మామూలుగా గట్టి రకం పిట్టను తొందరగా పోగొట్టి తానూ పోతుంది. ఇక్కడ ఆ సగం రక్షణ పిట్టను బతికిస్తుంది, దానితో గట్టి రకమూ బతికి ఇంకొకదానికి ఎక్కుతుంది. అలా కోలుకున్న మందలో ఏటికేడు మొండి క్రిమి మిగులుతుంది. ఆ పిట్టల్లో ఏళ్ళు గడిచేకొద్దీ క్రిమి ముదురుతూ రావడం నిజంగానే కనబడింది. పిట్టలూ ఊరుకోలేదు. పన్నెండేళ్ళు జబ్బు చూసిన అలబామా పిట్టలు, అప్పటికి ఆ జబ్బు ఎరగని అరిజోనా పిట్టలకంటే బాగా తట్టుకున్నాయి. రెండువైపులా పోటీ నడుస్తూనే ఉంది.

ఇదంతా మనకెందుకంటే, మా సంతలో "గురక వచ్చి తగ్గిన కోడి, ఇక దీనికి ఢోకా లేదు" అని అమ్ముతారు. పైగా రెండు రూకలు ఎక్కువ అడుగుతారు. సీఆర్‌డీ తగ్గిన కోడి ఒంట్లో క్రిమి ఉండిపోతుంది. టైలోసిన్ నీళ్ళలో కలిపితే గురక ఆగుతుంది, క్రిమి పూర్తిగా పోదు. చలికి, పొదుగుడుకు, బండి ప్రయాణానికి ఒళ్ళు డస్సినప్పుడు మళ్ళీ బయటపడి మందకంతా పడుతుంది. గుడ్డు ద్వారా పిల్లకూ పోతుంది. కాబట్టి అలాంటి పెట్టను పొదగేయకండి. ఆ గుడ్లు కూరకు వాడుకోండి. ఊళ్ళో ఆడవాళ్ళ చేతి ఖర్చు ఈ నాలుగు కోళ్ళమీదే నడుస్తోంది, ఒక్క కొన్న కోడితో దొడ్డంతా గురకపెడితే ఆ ఏడు పోయినట్టే.

అమ్మాయి గొట్టం దించేసి, ఒక వంతు బ్లీచ్‌కు తొమ్మిది వంతుల నీళ్ళు కలిపి కడిగి, ఎండబెట్టి, కొన్నాళ్ళు కట్టకుండా ఊరుకుందట. అక్కడ అందరికీ చెప్పే పద్ధతే అది. మన దాణా తొట్టికీ, నీళ్ళ మూకుడుకూ అదే చేయొచ్చు, బాగా కడిగి ఎండలో బోర్లిస్తే సరి. మన మూకుడులో కాకి, గోరింక, పిచ్చుక అన్నీ మూతి పెడతాయి. వేసవిలో పిట్టలకు పెట్టే నీళ్ళు కోళ్ళకు అందకుండా పైన, వేరే పెట్టండి. చూరుకు కట్టే వరికుచ్చుతో అంత భయం లేదనిపిస్తుంది. పిట్ట ఒక్కో కంకి దగ్గర వాలి గింజ లాక్కుపోతుంది, అందరూ ఒకే కంతలో తల పెట్టే పని లేదు. ఇది నా ఊహ, పరిశోధన కాదు.

సంత నుంచి తెచ్చిన కోడిని నేను నెల రోజులు గంప కింద వేరే ఉంచుతాను. మేత, నీళ్ళు ముందు పాత మందకు, ఆఖర్న దీనికి. దీన్ని ముట్టుకున్నాక చేతులు కడిగి గానీ గూటి వైపు వెళ్ళను. మా ఆవిడ "కొత్త అల్లుడికి కూడా ఇంత మర్యాద లేదు" అంటుంది. నెల లోపు తుమ్మినా, కన్ను తడిసినా మందలో కలపను, కూరకే.