మామిడి లారీ స్టార్ట్ కానప్పుడు

దామలచెరువు

నాయనా,

పొద్దున్నే తిరపతిలో బయలుదేరినాం. చంద్రగిరి దాటినాక ఎక్కడ చూసినా తోతాపురి ట్రాక్టర్లే. ఇక్కడ మండీలో లోడు ఎత్తేసరికి పొద్దు వాలింది. మామ లారీ నీకు తెలిసిందే, ఆరు సిలిండర్ల పాత టాటా, 697 ఇంజను. 1954లో టెల్కో వాళ్ళు బెంజ్ కంపెనీతో కలిసి మొదలుపెట్టిన లారీల వంశం. బరువు మీద కూడా బాగానే లాగుతోంది. పాకాల, పూతలపట్టు మీదుగా రాత్రికి చిత్తూరు చేరతాం. అమ్మకు మందులు మరిచిపోవద్దని చెప్పు.

చిత్తూరు, గుజ్జు ఫ్యాక్టరీ లైనులో

నాయనా,

ఈ ఉత్తరం నీకోసమే వివరంగా రాస్తున్నా. ఫోనులో చెబితే సగం నీకు వినపడదు.

ఫ్యాక్టరీ ముందర లైను చాలా పొడుగుంది. మా బండి మిట్ట మీద, మూతి పైకి పెట్టి నిలబడింది. రాత్రంతా కదల్లేదు. తెల్లారినాక ముందున్న బండి జరిగితే మామ సెల్ఫ్ కొట్టినాడు. ఇంజను జోరుగా తిరుగుతోంది, స్టార్ట్ మాత్రం కాలేదు. వెనక హారన్లు, పైన కాయ వేడెక్కుతోంది. ఒకాయన పెట్రోలు గుడ్డ గాలి గొట్టం దగ్గర పెట్టమన్నాడు. ఇంకొకాయన ట్రాక్టరుతో లాగిద్దామన్నాడు. పక్క షెడ్డు నుంచి వచ్చిన పెద్దాయన, అందరూ భాయ్ అంటారు, రెండూ వద్దన్నాడు. అంత కంప్రెషనులో పెట్రోలు ఆవిరి ముందే పేలితే పిస్టన్లకూ రింగులకూ దెబ్బ. సెల్ఫ్ కూడా పది, పదిహేను సెకన్లకు మించి కొట్టొద్దు, మధ్యలో ఆరనీయమన్నాడు.

ఆయన స్పానరు పట్టలేదు. నన్ను సైలెన్సర్ దగ్గర నిలబెట్టి మామతో ఒక్కసారి సెల్ఫ్ కొట్టించినాడు. "పొగ ఉందా?" లేదన్నా. "తెల్లపొగ కూడా?" అదీ లేదు. డీజిల్ ఇంజనుకు స్పార్క్ ప్లగ్గు లేదు కదా, నలిగిన గాలి వేడికే డీజిల్ అంటుకోవాల. తెల్లపొగ దండిగా వస్తే డీజిల్ లోపలికి పోతోంది గాని మండడం లేదని అర్థం. అప్పుడు కంప్రెషను, టైమింగు, నాజిళ్ళు చూడాల. అసలు పొగే లేదంటే డీజిల్ సిలిండర్ దాకా చేరలేదు. ఈ ఒక్క ప్రశ్నతో సగం ఇంజను అనుమానం లోంచి బయటపడింది. పని తెలిసిన చెయ్యి తొందరపడకపోవడం నాకు భలే నచ్చింది.

తరవాత స్టాపర్ కేబులు. లాగినది వెనక్కి పోకుండా ఇరుక్కుంటే పంపు డీజిల్ ఇవ్వదు. అది బాగుంది. ట్యాంకులో డీజిలూ ఉంది. ఫిల్టర్ మీది గాలి స్క్రూ వదులు చేసి ఫీడ్ పంపు హ్యాండ్ ప్రైమర్ కొట్టమన్నాడు. నురగ వచ్చింది. ఎంతసేపు కొట్టినా బుడగలు ఆగలేదు, చేతికి బరువు తగల్లేదు. "గాలి పట్టింది, అదీ పంపు ముందర" అన్నాడు.

ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా పైపులో ఉండేది పీల్చే బలం, నెట్టే బలం కాదు. అక్కడ చీలిక పడితే డీజిల్ కారదు, గాలి లోపలికి పోతుంది. నేల మీద మరక లేదని ఆ వైపు ఎవరూ చూడరు. మూతి పైకి ఉన్న బండిలో రాత్రంతా డీజిల్ ట్యాంకులోకి జారిపోతుంది. రుజువు కోసం ఆయన శుభ్రమైన డబ్బాలో డీజిల్ పోసి, వేరే పైపు నేరుగా ఫీడ్ పంపుకు పెట్టినాడు. ఇప్పుడు బుడగలు ఆగి చిక్కటి డీజిల్ వచ్చింది. ఇంక తప్పు ట్యాంకు పైపుదే. చూస్తే క్లిప్పు కింద రబ్బరు గొట్టం వెంట్రుకంత చీలింది.

కొత్త గొట్టం, కొత్త రాగి వాషర్లు వేసినాడు. ముందు ఫిల్టర్, తరవాత పంపు, అట్లా వరసగా గాలి తీసినాడు. ఆఖరికి నాజిల్ పైపుల నట్లు వదులు చేసి సెల్ఫ్ కొట్టించి, డీజిల్ చిమ్మగానే బిగించినాడు. నేను వంగి చూడబోతే రెక్క పట్టి లాగినాడు. నాజిల్ నుంచి వచ్చే ధార చర్మంలోకి దిగిపోతుందంట, ఆ గాయం చిన్నగా కనిపించినా ఆసుపత్రి పనే.

ఇంజను రెండు సిలిండర్ల మీద దగ్గింది. తెల్లగా ఊదింది. తరవాత ఆరూ అందుకున్నాయి. లైనులో అందరూ కేక వేసినారు!

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 బండ్లకు ఈ పద్ధతి కుదరదని భాయ్ గట్టిగా చెప్పినాడు. వాటి రైలు పైపులో ఒత్తిడి చాలా ఎక్కువ, నట్లు వదులు చేయకూడదు, స్కానర్ పెట్టి చూడాల్సిందే. పొగ చూసి, చేత్తో తడిమి రోగం పట్టే ఈ విద్య నేర్చుకునే పిల్లోళ్ళు ఆయన షెడ్డులో కనపడలేదు. అది నాకు బాధే.

పలమనేరు

నాయనా,

కాయ దించేసినాం, కొంచెం మెత్తబడింది గాని తీసుకున్నారు. బంగారుపాళ్యం దాటి మొగిలి ఘాటు ఎక్కేటప్పుడు ఇంజను ఒక్కసారి కూడా తడబడలేదు. ఇక్కడ టమోటా లోడు కోసం ఆగినాం. మామ రెండు ఫిల్టర్లూ మార్పించినాడు. గొట్టం ముక్క, క్లిప్పులు, రాగి వాషర్లు ఇంక బండిలోనే ఉంటాయి. మన షెడ్డులో నిలిచిపోయిన మినీ లారీ కూడా తిరుగుతుంది గాని లేవదు కదా. నేను వచ్చేలోపు ఎవరి చేతా పంపు విప్పించొద్దు. సెల్ఫ్ కొట్టేటప్పుడు పొగ ఏ రంగులో ఉందో చూసి ఫోన్ చెయ్యి.

నీ కొడుకు